ఉప్పునీళ్ళూ, ప్లాటినమూ, మా పెద్దమ్మా

ప్లాటినం అనగానే మన ఆడవాళ్ళకు రువీలో నగల దుకాణాల అద్దాలు గుర్తుకొస్తాయి. బర్కాలో సముద్రపు నీళ్ళను మంచినీళ్ళు చేసే ప్లాంట్లలో పనిచేసే నాబోటివాళ్ళకు టైటానియం రేకు మీద పూసిన పల్చటి పూత గుర్తుకొస్తుంది. క్యాన్సరు వార్డులో పనిచేసే నర్సునడిగితే మాత్రం, వెలుతురు తగలకుండా కవరు తొడిగి స్టాండుకు వేలాడదీసిన సెలైన్ సీసాను చూపిస్తుంది. మూడు చోట్లా లోహం ఒక్కటే. మూడోచోట అది చేసే పని మాత్రం ఏ కంసాలీ, ఏ ఇంజనీరూ ఊహించనిది. మనిషి జీవకణంలోకి దూరి, అక్కడున్న డి.ఎన్.ఎ. అనే మెలితిరిగిన నిచ్చెనను పట్టుకుని వంచేస్తుంది.

ఈ ఉగాది సంచికకు మన బర్కా నీళ్ళ మీద ఏదైనా రాయమని కమిటీ మిత్రులు అడిగారు. రాస్తున్నది నీళ్ళ గురించే. కాకపోతే ఇవి బర్కా తీరాన మొదలై, శ్రీకాకుళం జిల్లాలో మా పెద్దమ్మ చేతి నరంలోకి వెళ్ళే నీళ్ళు. మన సంఘంలో డాక్టర్లకు కొదవలేదు కాబట్టి వైద్యం వాళ్ళకే వదిలేస్తాను. నేను కెమికల్ ఇంజనీరుని. నాకు తెలిసిన రసాయనం వరకే చెబుతాను.

ముందు మా ప్లాంట్ల సంగతి. బర్కా అంటే కోట, హల్వా, చేపల మార్కెట్టు అనుకునే మస్కట్ మిత్రులు సముద్రం ఒడ్డున పొడుగాటి పొగగొట్టాలను కూడా చూసే ఉంటారు. ఇక్కడ మొదటి విద్యుత్, మంచినీటి ప్లాంటు 2003లో మొదలైంది. అది సముద్రపు నీటిని వేడిచేసి, ఆవిరిని చల్లార్చి పట్టుకునే పద్ధతి. 2009లో వచ్చిన రెండోది నీటిని పల్చటి పొరల గుండా బలంగా నెట్టే రివర్స్ ఆస్మోసిస్ పద్ధతి. ఏ పద్ధతైనా సరే, సముద్రపు నీటితోపాటు నాచు, గుల్లలు, నత్తలు కూడా పైపుల్లోకి వచ్చి కాపురం పెడతాయి. వాటిని రానివ్వకుండా చెయ్యాలంటే క్లోరిన్ కావాలి. ఎక్కడినుంచో సిలిండర్లు తెప్పించుకోవడమెందుకు, ఎదురుగా అంత ఉప్పు ఉండగా! సముద్రపు నీటిలోకే కరెంటు పంపితే ఉప్పు విడిపోయి కావలసిన మందు అక్కడికక్కడే తయారవుతుంది. ఆ కరెంటు పంపే రేకు ఇనుముదైతే కొద్దిరోజుల్లో కరిగిపోతుంది. అందుకే టైటానియం రేకు మీద ప్లాటినం పూతో, లేకపోతే రుథీనియం, ఇరీడియం ఆక్సైడుల పూతో వేస్తారు. ప్లాటినం దేనితోనూ కలవదు, తుప్పు పట్టదు, కరగదు. మాకు కాలేజీలో చెప్పిన మాట ఇదే. ఉద్యోగంలో చేరాక మేం కుర్రవాళ్ళకు చెప్పేదీ ఇదే.

సరిగ్గా ఇదే నమ్మకంతో అమెరికాలోని మిషిగన్ స్టేట్ యూనివర్సిటీలో బార్నెట్ రోజెన్‌బర్గ్ అనే భౌతికశాస్త్రవేత్త 1960ల మొదట్లో ఒక ప్రయోగం మొదలుపెట్టాడు. జీవకణం రెండుగా చీలేటప్పుడు లోపల కనిపించే ఆకారం, అయస్కాంతం చుట్టూ ఇనుపరజను పేరుకున్నట్టు ఉంటుంది. అది చూసి, విద్యుత్ క్షేత్రంలో పెడితే కణవిభజన ఏమవుతుందో చూద్దామనుకున్నాడు. బాక్టీరియా పెరిగే ద్రావణంలో రెండు ప్లాటినం ఎలక్ట్రోడులు పెట్టి కరెంటు పంపాడు. కరగని లోహం కదా, ప్రయోగానికి అడ్డురాదని ప్లాటినాన్ని ఎంచుకున్నాడు.

కరెంటు పెట్టిన కాసేపటికి బాక్టీరియా చీలడం మానేశాయి. చావలేదు, పెరగడమూ ఆపలేదు. చీలకుండా పొడుగ్గా సాగుతూ పోయాయి, మామూలు పొడవుకు మూడువందల రెట్ల దాకా! మైక్రోస్కోపులో సేమ్యా పోగుల్లా కనిపించి ఉంటాయని నా ఊహ. ఇదంతా విద్యుత్తు మహిమ అని అక్కడితో ఆపి పేపరు రాసుకునేవాళ్ళు ఎంతోమంది ఉంటారు. రోజెన్‌బర్గ్ బృందం అలా ఆగలేదు. కరెంటు ఆపి చూశారు, ఉష్ణోగ్రత మార్చి చూశారు, ద్రావణాన్ని విడిగా తీసి చూశారు. చివరికి తేలిందేమిటంటే, కరగదనుకున్న ప్లాటినం కరుగుతోంది. ద్రావణంలో ఉన్న అమ్మోనియం క్లోరైడుతో కలిసి, పది పి.పి.ఎం. ప్రాంతంలో ఒక కొత్త సమ్మేళనంగా మారుతోంది. ఈ మార్పులో వెలుతురుకు కూడా పాత్ర ఉంది. కణవిభజనను ఆపింది కరెంటు కాదు, ఆ సమ్మేళనం. 1965లో ఈ సంగతి 'నేచర్' పత్రికలో వచ్చింది. కణవిభజనను ఆపేదైతే, అదుపు తప్పి చీలిపోయే క్యాన్సరు కణాలను కూడా ఆపాలి కదా అన్నది తర్వాతి ప్రశ్న. 1969లో ఎలుకల మీద పనిచేసిందని మళ్ళీ 'నేచర్'లోనే ప్రకటించారు. 1978 చివర్లో అమెరికా ప్రభుత్వం దాన్ని మందుగా ఆమోదించింది. అదే సిస్‌ప్లాటిన్.

పది పి.పి.ఎం. అంటే మా ప్లాంటులో వాళ్ళకు నవ్వొచ్చే అంకె. మేం రోజూ వేల పి.పి.ఎం.లతో కుస్తీ పట్టేవాళ్ళం.

ఇంకో విచిత్రం. ఈ సమ్మేళనం కొత్తదేమీ కాదు. 1844లోనే మికేలే పెయ్‌రోన్ అనే ఇటలీ రసాయనవేత్త దీన్ని తయారుచేశాడు. 1893లో ఆల్ఫ్రెడ్ వెర్నర్ దాని ఆకారం ఎలా ఉంటుందో తేల్చాడు. ఆ తర్వాత అది రసాయనశాస్త్ర పుస్తకాల్లో ఒక పాఠంగా మిగిలిపోయింది. మందు చేతిలో ఉండి కూడా నూట ఇరవై ఏళ్ళు మందని తెలియలేదు.

ఆ ఆకారం గురించి నాలుగు మాటలు చెప్పక తప్పదు. మధ్యలో ఒక ప్లాటినం పరమాణువు. దాని చుట్టూ ఒకే తలంలో, చతురస్రపు మూలల్లో కూర్చున్నట్టుగా రెండు అమ్మోనియాలు, రెండు క్లోరిన్‌లు. క్లోరిన్‌లు రెండూ పక్కపక్క మూలల్లో ఉంటే అది సిస్‌ప్లాటిన్. ఎదురెదురు మూలల్లో ఉంటే ట్రాన్స్‌ప్లాటిన్. సరుకు ఒకటే, బరువు ఒకటే. మొదటిది ప్రాణాలు నిలబెట్టే మందు, రెండోది క్యాన్సరు మీద పనికిరాదు. నిచ్చెన మీద రెండు చేతులూ ఒకవైపే చాచిన మనిషి పక్కపక్కనున్న రెండు మెట్లను పట్టుకోగలడు. చెరోవైపు చాచినవాడు అలా పట్టుకోలేడు. అంతే తేడా.

మా పెద్దమ్మకు ప్లాటినం మందు ఇస్తున్నారని తెలిసినప్పుడు మా బంధువుల్లో ఒకాయన, "ప్లాటినం పనిచేస్తే బంగారం ఎందుకు పనిచెయ్యదు? స్వర్ణభస్మం వాడి చూడండి" అని సలహా ఇచ్చాడు. అమాయకమైన ప్రశ్నే గాని, కొట్టిపారేసేది కాదు. దానికి జవాబు ట్రాన్స్‌ప్లాటిన్‌లోనే ఉంది. లోహం ఖరీదైనదా, పవిత్రమైనదా అన్నది కణానికి పట్టదు. ఏ ఆకారంలో వచ్చింది, చేతిలో ఏం పట్టుకుని వచ్చింది, దేన్ని వదులుతుంది, ఇవే దానికి కావాలి. క్రోమియంనే చూడండి. ఒమాన్ కొండల్లో క్రోమైటు ఖనిజం తవ్వుతారు. అందులోని క్రోమియం జీవకణంలోకి అంత సులువుగా చొరబడలేదు. అదే క్రోమియం క్రోమేట్‌గా మారితే అచ్చు సల్ఫేట్‌లా కనిపిస్తుంది. సల్ఫేట్ కోసం తెరిచిన తలుపులోంచి కణంలోకి దూరి, లోపల వేషం తీసేసి డి.ఎన్.ఎ.కు అతుక్కుంటుంది. అందుకే అది క్యాన్సరు కారకం. మా వృత్తిలో పెద్దవాళ్ళు తుప్పు పట్టకుండా కూలింగ్ టవర్ నీళ్ళలో క్రోమేట్ కలిపిన రోజులున్నాయి. భవనాల ఎయిర్ కండిషనింగ్ టవర్లలో దాని వాడకాన్ని అమెరికా 1990లో నిషేధించింది.

ఇక మా పెద్దమ్మ. అమ్మకు అక్క. మాది శ్రీకాకుళం జిల్లాలో సముద్రం ఒడ్డు ఊరు. అక్కడివాళ్ళకు నేను చెప్పబోయేది కొత్త కాదు గాని, గోదావరి, కృష్ణా, తెలంగాణ జిల్లాలవాళ్ళు నమ్మకపోవచ్చు. మా వైపు ఆడవాళ్ళు చుట్టను తిరగేసి తాగుతారు. నిప్పున్న కొస నోట్లోకి, చల్లటి కొస బయటికి. దీన్ని అడ్డపొగ అంటారు. సముద్రపు గాలికి చుట్ట ఆరిపోకుండా ఉంటుందనీ, చంకలో పిల్లకు నిప్పు తగలదనీ, ఒకే చుట్ట చాలాసేపు వస్తుందనీ రకరకాల కారణాలు చెబుతారు. మా పెద్దమ్మ అడ్డపొగ పెట్టుకునే పిండి రుబ్బేది, వలలు బాగుచేసేది, మమ్మల్ని తిట్టేది. చిన్నప్పుడు ఆమె మాట్లాడుతుంటే నోట్లో ఎర్రగా వెలిగే నిప్పును చూడటం మాకొక సరదా.

ఆ నిప్పు వేడీ పొగా నేరుగా పై అంగిలికి తగులుతాయి. మామూలుగా చుట్ట, సిగరెట్టు తాగేవాళ్ళకు అంగిట్లో క్యాన్సరు రావడం అరుదు. మా వైపు మాత్రం సాధారణం. అడ్డపొగకూ కోస్తా ఆంధ్రలో అంగిలి క్యాన్సరుకూ ఉన్న సంబంధాన్ని డి. జి. రెడ్డి, వి. కె. రావు అనే ఇద్దరు 1957లోనే వైద్యపత్రికలో రాశారు. తర్వాత డెన్మార్క్ నుంచి, బొంబాయి నుంచి కూడా పరిశోధకులు వచ్చి మా పల్లెల్లో నోళ్ళు తెరిపించి చూసి వెళ్ళారు. ప్రపంచ వైద్యగ్రంథాల్లో మా జిల్లా పేరు కనిపించేది ఇందుకే. గర్వపడే విషయం కాదనుకోండి.

పొగాకు పొగలో ఉండే విషాల్లో ఒకటి బెంజోపైరిన్. అది శరీరంలో రూపం మారి, డి.ఎన్.ఎ.లోని నాలుగు అక్షరాల్లో ఒకటైన గ్వానిన్‌కు అంటుకుంటుంది. అంటుకున్నచోట కాపీలో తప్పు దొర్లుతుంది. తప్పులు పోగుపడితే క్యాన్సరు. ఈ పొగలో ఒక లోహం కూడా ఉంది, కాడ్మియం. పొగాకు మొక్క నేలలోంచి కాడ్మియాన్ని బాగా పీల్చుకుంటుంది. కాడ్మియం చేసే ద్రోహం వేరేరకం. డి.ఎన్.ఎ.ను బాగుచేసే ప్రోటీన్లలో కొన్నిటికి జింక్ పరమాణువు కీలుబొమ్మకు మేకులాంటిది. కాడ్మియం వచ్చి జింక్‌ను తోసేసి ఆ స్థానంలో కూర్చుంటుంది. ఇల్లు పాడుచేసేవాడు ఒకడైతే, మేస్త్రీ చెయ్యి విరిచేవాడు ఇంకొకడన్నమాట.

పెద్దమ్మకు అంగిట్లో పుండు మానడంలేదని తెలిసి, విశాఖపట్నంలో పరీక్ష చేయించేసరికి క్యాన్సరని తేలింది. ఆపరేషన్ చేసి అంగిలిలో కొంతభాగం తీసేశారు. తిన్నది ముక్కులోకి రాకుండా పళ్ళసెట్టులాంటి పలక అమర్చారు. ఆ తర్వాత రేడియేషన్, దానితోపాటు మూడు వారాలకొకసారి చొప్పున మూడు విడతల సిస్‌ప్లాటిన్. నేనిక్కడ బర్కాలో, పెద్దన్నయ్య అక్కడ ఆమె పక్కన. రాత్రి షిఫ్టులో ఉండగా ఫోను.

"ఒరే తమ్ముడూ, అమ్మకి బి.పి. ఉందని పదేళ్ళనుంచి ఉప్పు మాన్పించాం కదా. పొద్దున్నుంచీ ఉప్పునీళ్ళే ఎక్కిస్తన్నారు. ఒక సీసా అయితే ఇంకో సీసా. అసలు మందు మాత్రం ఒక్కటే. ఆపమని చెప్పమంటావా?"

వెనకనుంచి పెద్దమ్మ గొంతు, పలక అడ్డుపడి ముద్దముద్దగా: "ఏటి బాబూ, ఒంట్లోకి సముద్రం తోడేస్తన్నారు వీళ్ళు!"

ఆమె మాటలో రసాయనశాస్త్రం ఉందని ఆ రాత్రి అన్నయ్యకు చెప్పాను. ఇక్కడ మీకూ చెబుతాను, ఎందుకంటే ఈ వ్యాసమంతా ఈ ఒక్క ముక్క కోసమే.

సెలైన్‌లో లీటరుకు 9 గ్రాముల ఉప్పుంటుంది. మన సముద్రంలో 35 గ్రాములకు పైమాటే. అంటే పెద్దమ్మ నరంలోకి వెళ్ళింది ఇంచుమించు పావువంతు సముద్రం. ఉప్పంటే సోడియం, క్లోరైడ్. సిస్‌ప్లాటిన్ చేతిలో రెండు క్లోరిన్‌లు ఉన్నాయని చెప్పాను కదా. అవి ఉన్నంతసేపూ మందు నెమ్మదిగా, ఎవరి జోలికీ పోకుండా ఉంటుంది. చుట్టూ క్లోరైడ్ దండిగా ఉంటే ఆ క్లోరిన్‌లు ఊడిపోవు. ఊడినా వెంటనే మళ్ళీ వచ్చి అతుక్కుంటాయి. అందుకే ఈ మందును ఉత్త నీళ్ళలో కలపరు, ఉప్పునీళ్ళలోనే కలుపుతారు. మన రక్తంలో కూడా లీటరుకు 100 మిల్లీమోల్‌ల దాకా క్లోరైడ్ ఉంటుంది. కాబట్టి రక్తంలో ప్రయాణించేటప్పుడు కూడా మందు చాలావరకు కత్తిని ఒరలోనే ఉంచుకుంటుంది.

కణం లోపలికి వెళ్ళాక పరిస్థితి మారుతుంది. చాలా కణాల్లో క్లోరైడ్ రక్తంలో ఉన్నదాంట్లో ఐదోవంతుకు మించదు. అంటే మందు సముద్రంలోంచి మంచినీటి బావిలో పడ్డట్టు. క్లోరిన్ ఊడిపోతుంది, దాని స్థానంలో నీటి అణువు వచ్చి కూర్చుంటుంది, ప్లాటినానికి ధనావేశం వస్తుంది. డి.ఎన్.ఎ. ఒళ్ళంతా రుణావేశమే. ఇక చెప్పేదేముంది! పోయి పట్టుకుంటుంది. బయట ఉప్పగా, లోపల చప్పగా ఉండటమే ఈ మందుకు తాళంచెవి. మేం ఇక్కడ ఇన్ని మెగావాట్లు తగలేసి ఉప్పును నీటినుంచి వేరుచేస్తున్నాం. మన ఒంట్లో ప్రతి కణమూ ఆ పని చప్పుడు చెయ్యకుండా చేసుకుపోతోంది.

మరి అన్ని లీటర్లెందుకంటారా? అది కిడ్నీల కోసం. ఈ మందు బయటికి పోయే దారి కిడ్నీలే. అక్కడి సన్నటి గొట్టాల కణాలు దీన్ని లోపలికి లాక్కుని కూడబెట్టుకుంటాయి, దాంతో దెబ్బతింటాయి. తొలిరోజుల్లో రోగులకు కిడ్నీలు పాడవుతున్నాయని సిస్‌ప్లాటిన్‌ను దాదాపు వదిలేసే పరిస్థితి వచ్చింది. 1970లలో ముందూ వెనకా దండిగా సెలైన్ ఎక్కించి, మూత్రం బాగా వచ్చేలా చేస్తే ఆ నష్టం తగ్గుతుందని తెలిశాకే మందు నిలబడింది. పల్చన చెయ్యడం, తొందరగా తోసెయ్యడం. మా భాషలో ఫ్లషింగ్. గుండె బలహీనంగా ఉన్నవాళ్ళకు, బి.పి. ఉన్నవాళ్ళకు ఈ నీటి లెక్క వేరేగా వేస్తారు. ఆ లెక్క వెయ్యాల్సింది వార్డులో ఉన్న డాక్టరేగాని ఫోనులో ఉన్న తమ్ముడు కాదు.

మొదటి విడత సజావుగా జరిగింది. రెండో విడతలో మందు సీసా అయిపోగానే, "అసలుది ఎక్కేసింది కదా, మిగతావి ఉప్పునీళ్ళే కదా" అని చివరి బస్సు కోసం తొందరపడి, రెండు సెలైన్లు మిగిలుండగానే బలవంతాన సంతకం పెట్టి వచ్చేశారు. ఇంట్లో ఆవులు, కోతలు, ఎవరి ఇబ్బంది వాళ్ళది. వాంతులవల్ల ఇంట్లో కూడా నీళ్ళు తాగలేకపోయింది. తర్వాతి వారం రక్తపరీక్షలో క్రియాటినిన్ పెరిగింది. మూడో విడత వాయిదా వేసి, మోతాదు తగ్గించి ఇచ్చారు. మన కుటుంబాల్లో ఎవరికైనా ఈ మందు ఇస్తుంటే, ఆ చివరి సీసా కూడా మందే అని ఇంటికి ఫోను చేసి చెప్పండి. ఇది మాత్రం అడిగి మరీ చెబుతున్నాను.

అన్నట్టు, ఇంజనీర్లకు నచ్చే ముచ్చటొకటి. సిస్‌ప్లాటిన్ ఎక్కించే సూదిలో, ట్యూబులో అల్యూమినియం భాగాలు మందుకు తగలకూడదు. తగిలితే అల్యూమినియం కరిగి ప్లాటినం మడ్డిగా దిగిపోతుంది, మందు వృథా. ఇనుపమేకును మైలుతుత్తం నీళ్ళలో వేస్తే రాగి పట్టినట్టే. ఫ్రిజ్‌లో కూడా పెట్టకూడదు, స్ఫటికాలు కడుతుంది.

ఇక డి.ఎన్.ఎ. దగ్గర ఏం జరుగుతుందో చూద్దాం. మెలితిరిగిన నిచ్చెనలో గ్వానిన్ అక్షరాలు రెండు పక్కపక్కన ఉన్నచోట్లంటే ప్లాటినానికి ఇష్టం. ఒక్కో చేత్తో ఒక్కో గ్వానిన్‌ను పట్టుకుంటుంది. పొగాకు విషం అంటుకున్నదీ గ్వానిన్‌కే, మందు పట్టుకునేదీ గ్వానిన్‌నే! అయితే పట్టుకునే చోటు వేరు. రెండు పక్క మెట్లను దగ్గరికి లాగి కట్టేస్తే నిచ్చెన ఏమవుతుంది? వంగుతుంది. 1995లో స్టీఫెన్ లిప్పార్డ్ బృందం ఇలా ప్లాటినం పట్టుకున్న డి.ఎన్.ఎ. ముక్కను స్ఫటికంగా చేసి ఎక్స్-రేలతో చూశారు. తిన్నటి పైపుకు ఎల్బో వేసినట్టు, స్ఫటికంలో 35 నుంచి 40 డిగ్రీల వంపు కనిపించింది. ద్రావణంలో కొలిస్తే ఇంకా ఎక్కువే వస్తుంది.

ఈ వంపును కణం గమనిస్తుంది. కొన్ని ప్రోటీన్లు వంగిన డి.ఎన్.ఎ. అంటేనే ఇష్టపడి వచ్చి ఆ మూలలో చీలలా దిగబడతాయి. అవి రిపేరు బృందాన్ని దగ్గరికి రానివ్వకుండా అడ్డుపడతాయన్నది ఒక వివరణ. రిపేరు బృందం వస్తే వంగినముక్కను కోసి తీసేసి కొత్తముక్క అతికిస్తుంది. ఇలాంటి మరమ్మతుల యంత్రాంగాన్ని విప్పిచెప్పిన ముగ్గురికి 2015లో రసాయనశాస్త్రంలో నోబెల్ ఇచ్చారు. మరమ్మతు గెలిస్తే కణం బతుకుతుంది, మందు ఓడుతుంది. మరమ్మతు ఓడితే డి.ఎన్.ఎ. కాపీ ఆగిపోయి, చివరికి కణం తనను తాను చంపుకుంటుంది. కొన్ని క్యాన్సర్లు ఈ మందుకు లొంగి, కొన్ని లొంగకపోవడానికి కారణాల్లో ఇదొకటి.

అన్నిటికంటే బాగా లొంగింది మగవాళ్ళ వృషణాల క్యాన్సరు. 1974లో ఇండియానా యూనివర్సిటీలో లారెన్స్ ఐన్‌హార్న్ సిస్‌ప్లాటిన్‌తోపాటు మరో రెండు మందులు కలిపి ఇవ్వడం మొదలుపెట్టాడు. అంతకుముందు, ఒళ్ళంతా పాకితే చావే అనుకున్న ఆ జబ్బు ఇప్పుడు చాలావరకు నయమవుతోంది. సైకిల్ పందెగాడు లాన్స్ ఆర్మ్‌స్ట్రాంగ్‌కు 1996లో ఇచ్చినవాటిలోనూ సిస్‌ప్లాటిన్ ఉంది. ఐన్‌హార్న్ కలిపిన రెండింటిలో ఒకటి విన్‌బ్లాస్టిన్. అది మన పెరట్లో పూసే బిళ్ళగన్నేరులోది. రెండోది బ్లియోమైసిన్, మట్టిలోని బాక్టీరియా తయారుచేసేది. అది ఇనుముతో జతకట్టి డి.ఎన్.ఎ. పోగులను కత్తిరిస్తుంది. అక్కడా లోహమే. భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు గారి బృందం నుంచి వచ్చిన మెథోట్రెక్సేట్ దారి వేరు. అది డి.ఎన్.ఎ. కట్టడానికి కావలసిన ఇటుకలు అందకుండా చేస్తుంది. ప్లాటినం కట్టిన గోడనే వంచుతుంది.

లోహాలూ డి.ఎన్.ఎ. కథలో మనవాళ్ళ పేరు ఇంకొకటి ఉంది, పత్రికల్లో పెద్దగా రాదు. మా రేకుల మీద పూసే రుథీనియం గుర్తుందా? దాని సమ్మేళనాలు కొన్ని డి.ఎన్.ఎ.కు అంటుకుంటాయి. ఎలా అంటుకుంటాయన్న దానిమీద 1980లలో పెద్ద వాదం నడిచింది. పేకముక్కల మధ్య ఇంకో ముక్క దూర్చినట్టు నిచ్చెన మెట్ల మధ్య దూరుతుందని కొందరన్నారు. 1992లో ఎస్. సత్యనారాయణ ఇద్దరు సహచరులతో కలిసి 'బయోకెమిస్ట్రీ' పత్రికలో రాసిన పేపరు ఆ వాదాన్ని మలుపు తిప్పింది. వాళ్ళు కొలిచింది చాలా మామూలు విషయం, ద్రావణం చిక్కదనం. మెట్ల మధ్య ఏదైనా దూరితే నిచ్చెన పొడుగవుతుంది, పొడుగు పోగులున్న ద్రావణం చిక్కబడుతుంది. పప్పుచారులో మునక్కాడ ముక్కలు పెద్దవైతే గరిటె బరువెక్కినట్టు. కొలిస్తే చిక్కబడలేదు. కాబట్టి అసలుసిసలు దూరడం కాదని తేల్చారు. పైపులో చిక్కదనం కొలవడం మాకు రోజువారీ పని. ఆ కొలతతో పరమాణువు ఎక్కడ కూర్చుందో తేల్చవచ్చని చదివినప్పుడు లేచి నిలబడి చప్పట్లు కొట్టాలనిపించింది. తర్వాతి సంవత్సరాల్లో ఉస్మానియా విశ్వవిద్యాలయం రసాయనశాఖలో ఆయన బృందం ఇలాంటి రుథీనియం సమ్మేళనాలు ఎన్నో తయారుచేసి, డి.ఎన్.ఎ.తో ఎలా కలుస్తాయో పరీక్షించింది. రుథీనియం మందులు కొన్ని మనుషుల మీద పరీక్షల దాకా వెళ్ళాయిగాని, ఇంతవరకు ఏదీ ఆమోదం పొందలేదు. ప్లాటినం కుటుంబంలో మాత్రం కార్బోప్లాటిన్, ఆక్సాలిప్లాటిన్ వచ్చాయి. మొదటిది కిడ్నీలను అంతగా బాధించదు. రెండోదాన్ని ఉప్పునీళ్ళలో కలపనేకూడదు, గ్లూకోజులోనే కలపాలి. అన్నకు అమృతమైనది తమ్ముడికి సరిపడదు!

సిస్‌ప్లాటిన్‌కు క్యాన్సరు కణమేదో, మంచి కణమేదో తెలియదు. పెద్దమ్మకు వాంతులయ్యాయి, వేళ్ళ చివర్లు తిమ్మిరెక్కాయి, ఒంట్లో మెగ్నీషియం పడిపోయింది. అవన్నీ కొన్ని నెలల్లో సర్దుకున్నాయి. చెవులు మాత్రం సర్దుకోలేదు. చెవి లోపల సన్నటి శబ్దాలను పట్టుకునే కణాలను ఈ మందు చంపుతుంది, అవి మళ్ళీ పుట్టవు. మందు చెవిలోకి చేరితే నెలల తరబడి అక్కడే ఉండిపోతుందని కూడా ఇప్పుడు తెలిసింది. పిల్లలకు ఈ నష్టం తగ్గించడానికి సోడియం థయోసల్ఫేట్ వాడటాన్ని అమెరికా 2022లో ఆమోదించింది. మందు ఎక్కించిన ఆరు గంటల తర్వాత ఇస్తారు. మా ప్లాంట్లలో మిగిలిపోయిన క్లోరిన్‌ను చంపడానికి కూడా ఈ జాతి రసాయనాలే వాడతాం. పెద్దవాళ్ళకు అది ఇంకా మామూలు వైద్యం కాలేదు.

పెద్దమ్మకు క్యాన్సరు తిరిగి రాలేదు. అడ్డపొగ మానేసింది, లేదా మానేశానని చెబుతోంది. మగవాళ్ళ మోటుగొంతులు, సముద్రం హోరు బాగానే వినిపిస్తాయట. మనవరాలి గజ్జెలు, కుక్కరు కూత, పిచ్చుకలు వినిపించవు. నేను ఫోను చేస్తే సగం మాటలు అందవు, అందుకని వీడియో కాల్ చెయ్యమంటుంది. "దీపం కేసి తిరిగి కూకో బాబూ, నీ మూతి అవుపడాల" అంటుంది. పెదవులు చూసి మాటలు పట్టుకుంటోంది.